మెరుగు పెడతామని ఇంటికొచ్చేవాళ్లకి నగలు ఇవ్వొద్దు

కోవూరులో మా అత్తకి రెండు గాజులున్నాయి. నాలుగు సవర్లు, అంటే 32 గ్రాములు. పెళ్లికి నెల్లూరు ఆచారి వీధిలో చేయించినవి. పోయినేడు వరలక్ష్మీ వ్రతానికి ముందు ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మెరుగు పెడతామన్నారు. ముందు ఇత్తడి కుందులు తోమారు, తర్వాత వెండి పట్టీలు. డబ్బులు కూడా అడగలేదు. అవి తళతళలాడేసరికి అత్త నమ్మి గాజులు తీసిచ్చింది. వాళ్లు ఏదో ద్రావకంలో ముంచి తీశారు. పసుపు నీళ్ల గిన్నెలో వేసి, "పొయ్యి మీద పెట్టమ్మా, పది నిమిషాలు మూత తీయొద్దు" అని చెప్పి వెళ్లిపోయారు.

గాజులు గిన్నెలోనే ఉన్నాయి, మెరుస్తూ. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రెండు నెలల తర్వాత కుదువ పెట్టడానికి తీసుకెళ్తే 27 గ్రాములే తూగాయి.

ఇంట్లో అందరూ అత్తనే తిట్టారు. నాకు కోపం అక్కడే వచ్చింది. ముప్పై ఏళ్లు ఆ గాజుల్ని కాపాడుకున్న మనిషికి ఆ సీసాలో ఏముందో ఎవరు చెప్పారు? నైట్రిక్ యాసిడ్ ఒక్కటే బంగారాన్ని ఏమీ చేయలేదు. దానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపితే బంగారం కరుగుతుంది. గాజు మెరిసింది పై పొర కరిగిపోయింది కాబట్టి. ఆ కరిగింది వాళ్ల సీసాలో వెళ్లిపోయింది, దాన్ని మళ్లీ బంగారంగా తీసుకోవచ్చు. పసుపు నీళ్లూ, మూత తీయొద్దనడమూ వాళ్లు వీధి దాటడానికే.

అసలు బంగారానికి మెరుగు దేనికి? 916 అంటే వెయ్యి పాళ్లలో 916 బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి. రోజూ వేసుకునే సరుడు మసకబారిందంటే చాలావరకు దాని మీద చేరింది చెమట, తలనూనె, పసుపు, సబ్బు జిడ్డు. దానికి కుంకుడుకాయలే చాలు. నాలుగు కాయలు కొట్టి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఆ రసంలో నగని పావుగంట ఉంచి, చంటిపిల్లల బ్రష్‌తో మెల్లగా రుద్ది, మంచినీళ్లతో కడిగి నూలుగుడ్డతో ఆరబెట్టాలి. సింకులో కాదు, బేసిన్‌లో కడగండి. ఒక రాయి ఊడినా అందులోనే దొరుకుతుంది. లోపల లక్క నింపిన నగల్ని మాత్రం వేడినీళ్లలో వేయొద్దు, లక్క మెత్తబడుతుంది. ముత్యాల్ని నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

వెండి సంగతి వేరు. ఆ నలుపు మురికి కాదు. గాలిలో ఉండే గంధకపు వాయువులతో కలిసి వెండే అలా మారుతుంది. టూత్‌పేస్టుతోనో ముగ్గుతోనో రుద్దినప్పుడల్లా ఆ పొరతో పాటు కొంచెం వెండీ పోతుంది. మా అమ్మ కుంకుమ భరిణె మీద నెమలి ఉండేది. పండగ పండగకీ పేస్టుతో తోమీ తోమీ ఇప్పుడు దానికి కన్నూ లేదు, ఈకల గీతలూ లేవు. ఆ తోమినవాళ్లలో నేనూ ఉన్నాను.

దీనికి మంచి దారి ఉంది. గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి దానికి తగిలేలా పెట్టి, రెండు చెంచాల తినేసోడా వేసి, బాగా కాగిన నీళ్లు పోయండి. కుళ్లిన గుడ్డు వాసన కొంచెం వస్తుంది, భయపడొద్దు. గంధకం అల్యూమినియం వైపు వెళ్లిపోతుంది, వెండి వెండిగానే మిగులుతుంది. రాళ్లు పొదిగినవీ, చెక్కడాల్లో కావాలని నల్లరంగు ఉంచినవీ ఇందులో వేయకండి. కడిగాక పూర్తిగా ఆరనిచ్చి, జిప్ కవర్లో గాలి తీసేసి పెట్టండి. పట్టీలకి రబ్బరు బ్యాండు చుట్టొద్దు, రబ్బరులోనూ గంధకం ఉంటుంది.

నగ కొలికి ఊడినా, సొట్ట పడినా షాపుకే వెళ్లండి. ఇచ్చేముందు, తీసుకునేటప్పుడు మీ కళ్ల ముందే తూకం వేయించండి. అనుమానించారని వాళ్లేమీ అనుకోరు.

ఈ ఆదివారం కోవూరు వెళ్తున్నాను. అత్త నగలన్నీ తూకం వేయించి, ఏది ఎన్ని గ్రాములో ఒక నోట్‌బుక్‌లో రాసిపెడతాను. ఆ గాజులు విడిపించాక అత్త మళ్లీ చేతికి వేసుకోలేదు. వేసుకోమని అడుగుతాను.