ఫేడర్ మీది ఏడో నంబరు గారికి

మహారాజశ్రీ ఏడో నంబరు గారి సముఖమునకు, థియేటర్ల తెర వెనక దుమ్ము తిని బతికే సౌండు మెకానిక్ నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ కలం సాగలేదు. తెర వెనక నడిమధ్యన ఉండే తమరి స్పీకరు పోయిన నెల కాలం చేసింది. కాలి కాలం చేసింది.

సౌండ్ ప్రాసెసర్ మీద సౌండ్ పెంచి తగ్గించే నాబుకు, అదే ఫేడర్‌కు, 0 నుంచి 10 దాకా అంకెలున్నా, కొలిచి పెట్టిన అంకె మీరొక్కరే. ఇంజినీరు వచ్చి, హాల్లో తెర నుంచి మూడింట రెండొంతుల దూరాన మైకు నిలబెట్టి, రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టుండే పింక్ నాయిస్ వదిలి, తెర వెనకున్న ఒక్కో స్పీకరూ 85 డెసిబెల్స్ చూపేలా సర్దేది మీ దగ్గరే. సినిమా మిక్సింగ్ చేసే గదిలోనూ అదే మట్టం. డైలాగ్ ఎంత, డప్పు ఎంత అని అక్కడ తేల్చింది ఇక్కడ ఉన్నదున్నట్టు వినబడాలంటే మీ దగ్గర ఆగాలి. ఏడు స్వరాలు, ఏడు కొండలు, ఏడడుగులు అంటూ మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్న జాతి మాది. ముషీరాబాద్ నుంచి మూసాపేట దాకా తిరిగి చూస్తే మాత్రం మీ పేరులో ఏడుపొక్కటే మిగిలింది.

ఏ హాలో చెప్పను గానీ, ఆ రోజు తొలి ఆట సంగతి వినండి. హారతి పళ్లెం తెర దాకా వెళ్లింది. చింపిన కాగితాలు అక్షింతల్లా రాలాయి. హీరో చెప్పు కనబడింది, ముఖం ఇంకా రాలేదు, హాలంతా ఈలలు. ఆ ఈలల్లో డైలాగ్ వినబడదు. వినబడలేదని "సౌండ్! సౌండ్!" అని కేకలు. ఆ కేకల్లో అసలే వినబడదు. క్యాబిన్‌లో ఆపరేటర్ తమ్ముడి చెయ్యి నాబ్ మీదికి పోయింది. 8. ఇంటర్వెల్ ముందు ఫైటుకు 9.

తమరి నుంచి ఒక్క మెట్టు ఎక్కితే మూడు డెసిబెల్స్ పైచిలుకు. అంటే స్పీకరుకు పోయే పవర్ రెండింతలు దాటినట్టే. 10కి చేరితే పదింతలు. చెవికి మాత్రం అది సుమారు రెండింతలుగానే తోస్తుంది. పదింతల మేత మేసి రెండింతలు పాలిచ్చే గేదె ఉంటే మా పెద్దనాన్న సంతకు తోలేసేవాడు.

ఆ మిగిలిన మేతంతా వేడి. కోన్ స్పీకరుకు 100 వాట్లు పోస్తే శబ్దమై బయటికొచ్చేది నాలుగైదు వాట్లుంటే గొప్ప. తక్కినదంతా అయస్కాంతం సందులో ఆడే తీగచుట్టను, అదే వాయిస్ కాయిల్‌ను కాలుస్తుంది. కాయిల్ వేడెక్కే కొద్దీ తీగ నిరోధం పెరుగుతుంది, తీసుకునే పవర్ తగ్గుతుంది, సౌండ్ మెత్తబడుతుంది. "అలసిపోయానయ్యా" అని చెప్పడానికి దానికున్న నోరు అదే. మావాడికి అది "చాలట్లేదు" అని వినబడింది. 9.5.

ముందు, సన్నటి స్వరాలు పలికే హార్న్ వెనక యూనిట్‌లో డయాఫ్రం అనే పల్చటి పొర చిట్లింది. హీరోయిన్ దుప్పట్లో దూరి మాట్లాడినట్టయింది. మళ్లీ "సౌండ్!" మళ్లీ నాబ్. హార్న్ లోటును బాస్ మోగించే వూఫర్‌తో పూడ్చబోతే దాని కాయిల్ జిగురు కూడా కరిగి చుట్టలు ఊడాయి. నేను వెళ్లి విప్పేసరికి బొగ్గు రంగు, మాడిన వాసన. మీటర్ పెడితే, 8 ఓమ్స్ యూనిట్ మామూలుగా ఆరు చిల్లర చూపాల్సింది, ముల్లు కదల్లేదు.

క్రాస్‌రోడ్స్‌లో చాయ్ తాగుతూ ఓనరు గారు తీర్పు చెప్పారు: "కంపెనోడు మోసం జేసిండు."

ఆయన లెక్క మీకు తెలియాలి. స్పీకరు పెద్దది కొన్నారు, దానికి పవర్ అందించే ఆంప్లిఫయర్, అదే ఆంప్, చిన్నది కొన్నారు. చిన్న ఆంప్ స్పీకరును ఏం కాలుస్తుందిలే అని. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ ఆంప్‌ను దాని సత్తాకు మించి తరిమితే అది అలల తలలు నరుకుతుంది. గుండ్రటి అల చదునవుతుంది. పూర్తిగా చదరమైపోతే, అంతే ఎత్తున్న గుండ్రటి సైన్ అలకు రెట్టింపు పవర్ మోసుకొస్తుంది. 300 వాట్ల ఆంప్ 600 దాకా కుమ్మరించగలదన్నమాట. పైగా నరికిన చోట పుట్టే సన్నటి కొత్త స్వరాలు (హార్మోనిక్స్), వూఫర్‌కూ హార్న్‌కూ స్వరాలు పంచే క్రాసోవర్ డబ్బాలోనే ఉన్న స్పీకర్లలో, తిన్నగా హార్న్ మీద పడతాయి. ఆ డయాఫ్రంతో పోలిస్తే అప్పడం దిమ్మిస! తలలు నరుకుతున్నానని ఆంప్ చెప్పే ఎర్ర క్లిప్ లైటు ఆటంతా వెలుగుతూనే ఉందట. లైటింగ్ బాగుందనుకున్నారట.

నేనూ ఊరుకోలేదు. స్పీకరు నిలకడగా మోసేదానికి ఒకటిన్నర, రెండింతల ఆంప్ పెట్టి, హద్దు దాటనివ్వని లిమిటర్ కట్టుకోండన్నాను. బాస్ పెట్టెకు దాని లోతుకు మించిన స్వరాలు అందకుండా హైపాస్ ఫిల్టర్ పెట్టమన్నాను. ఆంప్ అన్నిటికంటే చివర ఆన్, అన్నిటికంటే ముందు ఆఫ్. నెలకోసారి ఒక్కో స్పీకరును విడిగా మోగించి వినండి. ఆయన చాయ్ ఊదుకుంటూ, "గివన్నీ తెర ఎనక ఉంటయి గదనే, ఎవలకు కనవడ్తయి?" అన్నారు. అవును, కటౌట్ మీది గజమాలైతే ఫ్లైఓవర్ మీంచి కూడా కనబడుతుంది. ఇక తెర చిల్లుల్లో హారతి మసి, డబ్బా వెనక ఎలుకల కాపురం, వాటికి వేరే ఉత్తరం రాయాలి.

కాలిన వూఫర్‌ను కోఠీకి పంపి కాయిల్ చుట్టించారు. పని బాగానే చేశాడు పాపం. బిగించింది మాత్రం ఓనరు గారి బావమరిది. ఎర్ర వైరు నల్ల దానికి, నల్లది ఎర్రదానికి. ఒకే డబ్బాలో రెండు వూఫర్లు, ఒకటి రా అంటే ఇంకోటి పో అంటోంది. రెండూ కొట్టుకుని బాస్ మాయం. బాస్ తగ్గిందని ఏం చేసి ఉంటారో మీరే ఊహించండి. టార్చిలైటు సెల్ తీసుకెళ్లి ఒక్కో దానికి ఆనించి చూశాను. ఒక కోన్ ముందుకొచ్చింది, రెండోది సిగ్గుపడి లోపలికి పోయింది. వైరు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. నాకు డబ్బులడగడానికి మొహం చెల్లలేదు. వాళ్లకు ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
తెర వెనక మనిషి.

తా.క.: కొత్త స్పీకరు బిగించిన రోజు ప్రాసెసర్ మీద "7 దాటరాదు" అని ఎర్ర ఇంకుతో చీటీ అంటించి వచ్చాను. నిన్న ఆపరేటర్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నీ మీద ఒట్టు, ఏడు దాటలే. ఆంప్ మీది నాబులు మాత్రం ఫుల్లు తిప్పిన."