మందు ముందా, విషం ముందా?

గ్రామ్-నెగెటివ్ అనే రకం బాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్ అనే విషాన్ని తగిన మోతాదులో ఎలుక తోక నరంలోకి ఎక్కిస్తే, కొన్ని గంటల్లోనే ఆ ప్రాణి బొచ్చు రేగిపోయి, ఒళ్లు చల్లబడి, బోను మూలన ముడుచుకుపోతుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మూత్రపిండాల్లోని సన్నని రక్తనాళాల్లో ఫైబ్రిన్ (నెత్తురు గడ్డకట్టించే పోగుల్లాంటి ప్రొటీన్) గడ్డలు పేరుకుంటాయి, గడ్డకట్టించే పదార్థాలన్నీ అలా ఖర్చయిపోయాక సూది గుచ్చిన చోట నెత్తురు ఆగదు. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి సొంత అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి, ముదిరిన మనిషిలోనూ వైద్యులను భయపెట్టేది గడ్డలు, రక్తస్రావం అనే ఈ రెండు ముప్పులు ఒక్కసారే మీదపడటం. అందువల్ల సెప్సిస్‌కు వాడదలచిన మందులను ముందు ఇలా జంతువులపై పరీక్షించడాన్ని మేము తప్పుపట్టడం లేదు. మా అభ్యంతరమల్లా పరీక్షించే తీరుపైనే.

ఒంట్లో వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను ప్రతిరక్షకాలతో అడ్డుకుంటే చుంచెలుకలు ఎండోటాక్సిన్ బారి నుంచి బతుకుతాయని 1985లో తేలినప్పుడు ఎన్నో ఆశలు చిగురించాయి. అయితే ఆ ప్రతిరక్షకాలు బాగా పనిచేసింది విషం ఎక్కించడానికి ముందే ఇచ్చినప్పుడు. రోగి ఆసుపత్రి గడప తొక్కేది జబ్బు మొదలై గంటలు, ఒక్కోసారి రోజులు గడిచాక కదా! మోతాదులోనూ పోలిక లేదు. ఆరోగ్యవంతుడైన మనిషికి కిలో బరువుకు రెండు నుంచి నాలుగు నానోగ్రాములు చాలు, చలిజ్వరం వచ్చేస్తుంది. చుంచెలుకను చంపడానికి మిల్లీగ్రాముల్లో కావాలి. ఒక మిల్లీగ్రాము అంటే పది లక్షల నానోగ్రాములు.

ఆ తేడాల మూల్యాన్ని రోగులే చెల్లించారు. బబూన్ కోతులను కాపాడిన యాక్టివేటెడ్ ప్రొటీన్-సి అనే, గడ్డకట్టడాన్ని అడ్డుకునే మందు 2001లో అమెరికాలో అనుమతి పొంది, మరణాలను తగ్గించడం లేదని తేలాక 2011లో మార్కెట్ నుంచి వైదొలగింది. రక్తస్రావం ముప్పు కూడా ఉన్న మందు అది. ఎండోటాక్సిన్ సంకేతాన్ని మొదట్లోనే ఆపే ఎరిటోరాన్ అనే మందు కూడా రోగులపై పెద్ద ఎత్తున సాగిన పరీక్షలో నిలవలేదని 2013లో ప్రచురితమైన ఫలితాలు చూపాయి.

ఎండోటాక్సిన్ ఒక్కటే ఎక్కించడం మనిషి సెప్సిస్‌కు నమూనా కాజాలదని 2018లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల సిఫార్సులు స్పష్టంగానే చెప్పాయి. గడ్డకట్టే ప్రక్రియలో ఏ మెట్టును మందు ఆపుతోందో తెలుసుకోవడానికి అది ఇప్పటికీ పనికొస్తుంది, అంతవరకే. ప్రాణం నిలుపుతుందని చెప్పదలిస్తే మాత్రం లక్షణాలు కనిపించాకే మందు ఇవ్వాలి, పక్కన యాంటీబయోటిక్స్, సెలైన్ ఉండాలి, ఏ జంతువుకు ఏది అందిందో ఫలితం లెక్కించేవారికి తెలియకూడదు, గడ్డలతోపాటు రక్తస్రావాన్నీ కొలవాలి. ఇవి లేని ప్రతిపాదనను, జంతు ప్రయోగాలకు అనుమతి ఇచ్చే నైతిక సంఘాలు తిప్పిపంపాలని మేము కోరుతున్నాం. శరీర ఉష్ణోగ్రత ఏ మేరకు పడిపోతే ఎలుక ఇక కోలుకోదో పరిశోధకులు ముందుగానే నిర్ణయించుకోవచ్చు. ఆ గీత దాటిన ప్రాణిని చచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా, అక్కడే నొప్పి లేకుండా ముగించాలన్న షరతునూ ఆ సంఘాలే రాయించుకోవాలి.