జాడ చదవడం ఎవరు నేర్పారు?

మనిషికి వేట పుట్టుకతోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆకలేసింది, రాయి విసిరాడు, తర్వాత ఈటె చెక్కుకున్నాడు, అంతే అన్నట్టు మాట్లాడతారు. అదే నిజమైతే ఇరవై ఏళ్ల కుర్రాడే అందరికన్నా మేటి వేటగాడు కావాలి. పరుగు, బలం, కంటిచూపు అన్నీ బాగుండేది ఆ వయసులోనే కదా. కానీ 2020లో వచ్చిన ఒక పరిశోధనలో 40 ప్రాంతాల్లో 1,800 మందికి పైగా వేటగాళ్ల వివరాలు చూస్తే, నేర్పు సగటున 30 నుంచి 35 ఏళ్ల మధ్య గరిష్ఠానికి చేరుతోందని తేలింది. ఒంట్లో బలం వచ్చాక కూడా ఇన్నేళ్లు నేర్చుకోవడానికి ఏముంది?

ఇసుకలో పడిన ఒక్క గిట్ట గుర్తు చూడండి. అంచులు పదునుగా ఉంటే జంతువు ఇప్పుడే వెళ్లింది. రాత్రిపూట తిరిగే పురుగు పాకిన గీత ఆ గుర్తు మీదుగా పోయి ఉంటే, తెల్లారకముందే దాటిపోయింది. గిట్ట కొన లోతుగా దిగి వెనక్కి ఇసుక చిమ్మి ఉంటే పరుగెత్తింది. నాలుగింటిలో ఒక కాలి గుర్తు తేలిగ్గా పడుతూ ఉంటే కుంటుతోంది. ఇంతవరకూ కళ్లతో అయ్యే పని. రాతి నేల వచ్చి జాడ తెగిపోయినప్పుడు అసలు పని మొదలవుతుంది. ఎండ ఎక్కింది, నీడ ఎటుంది, గాలి ఎటు వీస్తోంది, నేనే ఆ జంతువునైతే ఎటు పోతాను? అలా ఊహించి, ముందుకెళ్లి, ఊహ నిజమో కాదో అక్కడి నేల మీద చూసుకోవాలి. దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోని కలహారి ఎడారిలో సాన్ తెగ వేటగాళ్లతో కలిసి తిరిగిన లూయిస్ లీబెన్‌బర్గ్, సైన్స్‌కు పునాది ఇలాంటి ఆలోచనలోనే పడిందని వాదించారు. నాకు ఆ వాదన సబబుగానే అనిపిస్తుంది.

దీన్ని నేర్పేదెలా? మీర్‌క్యాట్ అనే చిన్న జంతువు తన గుంపులోని పిల్లలకు మొదట చచ్చిన తేలు తెచ్చిస్తుంది, తర్వాత కొండి పీకేసిన తేలు, పిల్లలు ఎదిగాక కొండి ఉన్న తేలు. అచ్చం బడిలో తరగతుల లాగే! మనుషుల్లో మాత్రం కూర్చోబెట్టి చెప్పే పాఠం చాలా తక్కువ. మధ్య ఆఫ్రికా అడవుల్లో అకా తెగ తల్లిదండ్రులు నడక వచ్చీ రాని పిల్లల చేతికి చిన్న ఈటె, చిన్న గొడ్డలి ఇచ్చేస్తారు. టాంజానియాలో హడ్జా తెగ మగపిల్లలు చిన్న విల్లు పట్టుకుని, గుంపుగా పిట్టల వెంట తిరుగుతారు. పెద్ద పిల్లలను చూసి చిన్నవాళ్లు నేర్చుకుంటారు. గురి తప్పినా తిట్టేవాళ్లుండరు. అందుకే ‘తండ్రి నుంచి కొడుక్కి’ అనే మాటతో విషయం పూర్తికాదు. ఫిలిప్పీన్స్‌లోని అగ్తా తెగలో స్త్రీలు కూడా విల్లు పట్టి వేటకు వెళ్లేవారు.

పుస్తకంలో రాసి పెట్టుకోని ఈ చదువు మనుషుల్లోనే బతుకుతుంది కాబట్టి, మనుషులతోనే పోతుంది. నాకు బాగా భయం వేసేది ఇక్కడే. వాయవ్య గ్రీన్‌లాండ్‌లోని ఇన్యుగుయిట్ ప్రజల్లో 1820ల్లో అంటువ్యాధి వచ్చి, ఎక్కువగా పెద్దవాళ్లు పోయారు. వాళ్లతోపాటే కయాక్ పడవ తయారీ పోయింది, విల్లంబులు పోయాయి, చేపలను పొడిచే బల్లెం పోయింది. మిగిలినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, బద్ధకస్థులూ కాదు. కారిబూ జింకలు అక్కడే ఉన్నాయి, నీళ్లలో చేపలూ ఉన్నాయి. వాటిని పట్టే విద్య చూపించేవాళ్లే లేరు. దాదాపు నలభై ఏళ్లు అలాగే గడిచాయి. 1860ల్లో కెనడాలోని బాఫిన్ దీవి వైపు నుంచి కొద్దిమంది ఇన్యుయిట్, అంటే ఈ జాతికే చెందిన వేరే గుంపువాళ్లు, వలస వచ్చారు. వాళ్లు చేస్తుంటే చూసి, వీళ్లు మళ్లీ కయాక్ కట్టారు, విల్లు వంచారు. కారిబూ వేట మళ్లీ మొదలైంది.