ఐర్లాండ్ ఉన్నిని ఒక్క చట్టం చంపేసిందా?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు ఈ మధ్య మూడోసారి వచ్చింది. ఫేస్‌బుక్‌లోనూ ఇంచుమించు ఇదే తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా: "1699లో ఇంగ్లండ్ ఒక్క చట్టంతో ఐర్లాండ్ ఉన్ని వ్యాపారాన్ని నిషేధించింది. ఇంగ్లండ్‌నే తలదన్నే పరిశ్రమ రాత్రికి రాత్రి మాయమైంది. కాథలిక్కుల పొట్ట కొట్టడానికే ఇదంతా చేశారు. కంటితుడుపుగా లినెన్ (అవిసె నార బట్ట) పరిశ్రమను దానం చేశారు. మన చేనేతకు పట్టించిన గతీ ఇదే."

అన్యాయం జరిగిన మాట నిజం. దాంతో నాకు పేచీ లేదు. ఎవరు, ఎవరికి, ఏం చేశారన్న దగ్గరే ఈ పోస్టు పప్పులో కాలేసింది.

ముందు "నిషేధం" సంగతి. ఆ చట్టం గొర్రెలు పెంచొద్దనలేదు, మగ్గం ఆపమనలేదు, ఐర్లాండ్‌లో నేసిన బట్టను ఐర్లాండ్‌లో అమ్మొద్దని కూడా అనలేదు. నేసిన ఉన్ని బట్టనూ ముడి ఉన్నినీ విదేశాలకు పంపొద్దంది. ఇంగ్లండ్‌కూ వేల్స్‌కూ పంపుకోవచ్చు, అదీ చెప్పిన రేవుల నుంచి చెప్పిన రేవులకే. వినడానికి బాగానే ఉంది కానీ, ఇంగ్లండ్‌లో దిగే ఐరిష్ బట్ట మీద 1660 నుంచీ మోయలేనంత సుంకం ఉంది. కాబట్టి ఆ దారి ఉన్నా లేనట్టే. దొంగచాటుగా వేరే దేశానికి పంపి దొరికిపోతే సరుకు పోతుంది, ఓడ పోతుంది, పైగా 500 పౌండ్ల జరిమానా.

అదే ఇంగ్లండ్ ముడి ఉన్నినీ వడికిన నూలునీ మాత్రం ఐర్లాండ్ నుంచి రప్పించుకుంటూనే ఉంది. 1739లో ఐరిష్ ఉన్ని నూలు మీద సుంకం కూడా ఎత్తేశారు, ఇంగ్లండ్‌లోని నేత ప్రాంతాలైన నారిచ్‌లో, డెవన్‌లో మగ్గాలకు నూలు చవగ్గా కావాలి కనుక. ముడిసరుకు మీరివ్వండి, బట్ట మేం అమ్ముకుంటాం అన్న లెక్క ఇది. "నిషేధం" అని ఊరుకుంటే ఈ కిటుకు కనబడదు.

ఐరిష్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1720లో రాసిన కరపత్రంలో ఈ కిటుకును గ్రీకు కథతో పట్టుకున్నాడు. దేవతకు కోపమొచ్చి నేతపిల్లను సాలెపురుగుగా మార్చేస్తుంది, ఇక జన్మంతా నీ కడుపులోంచి దారం తీసి నేసుకుంటూ ఉండు అని శపిస్తుంది. మా పరిస్థితి అంతకన్నా అన్యాయం, మా పేగులు మాత్రం లాక్కుపోతున్నారు, వడుక్కోనివ్వరు, నేసుకోనివ్వరు అన్నాడాయన. ఆ కరపత్రం అచ్చేసినందుకు ముద్రాపకుడి మీద కేసు పెట్టారు.

ఇక "ఇంగ్లండ్‌నే తలదన్నే పరిశ్రమ". ఇది గోరంతను కొండంత చేయడం. చట్టానికి ముందు ఏడాది, 1698లో, ఐర్లాండ్ నుంచి ఎగుమతైన పాత రకం బ్రాడ్‌క్లాత్ అనే దళసరి ఉన్ని బట్ట మూడు వందల తానులు కూడా లేదు. సెర్జ్ లాంటి తేలిక రకాలు 23 వేల తానుల పైచిలుకు. ఇవి నిజంగానే వేగంగా పెరుగుతున్నాయి, పదకొండేళ్ల ముందు ఇందులో సగమే ఉండేవి. వీటికి తోడు ఫ్రీజ్ అనే బట్ట, మన గొంగడి అంత మోటుగా ఉండేది, లక్షల గజాలు పోయేది. అటు ఇంగ్లండ్ ఉన్ని బట్టల ఎగుమతి 1700 ప్రాంతంలో ఏడాదికి 30 లక్షల పౌండ్ల దాకా ఉంది. ఇంగ్లండ్ నేత యజమానులను భయపెట్టింది అప్పటికి ఐర్లాండ్ ఎంత అమ్ముతోందన్నది కాదు, రేపు ఎంత అమ్ముతుందన్నది. అక్కడ ఉన్ని చవక, తిండి చవక, కూలి చవక. పెద్ద చెట్టు కాకముందే మొక్కగా ఉన్నప్పుడే తుంచాలనుకున్నారు.

ఆ చవక ఉన్నికి కారణం కూడా ఇంగ్లండే కావడం తమాషా. 1660ల్లో ఐరిష్ పశువులు మా దేశంలోకి రాకూడదని చట్టాలు చేసి తలుపులు మూశారు. ఆవుల బేరం పోయాక ఐర్లాండ్ భూస్వాములు గొర్రెల మీద పడ్డారు.

"కాథలిక్కుల పొట్ట కొట్టడానికే" అన్నది మరీ తేలిగ్గా నమ్మేస్తాం, ఐర్లాండ్ జనంలో ఎక్కువమంది కాథలిక్కులు, ఏలే ఇంగ్లండ్ ప్రొటెస్టెంటు, ఆ రోజుల్లో వాళ్లను అణచడానికి వేరే చట్టాలు బోలెడు ఉన్నాయి కాబట్టి. కానీ ఎగుమతి కోసం సన్న రకాలు నేయించిన వాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. చాలామంది ఇంగ్లండ్ పడమటి జిల్లాల నుంచి వలస వచ్చి డబ్లిన్‌లో, కార్క్‌లో స్థిరపడ్డవాళ్లు. అంటే ఇంగ్లండ్ తన సొంత మనుషుల వ్యాపారాన్నే దెబ్బకొట్టింది. పైగా ఇదే చట్టం అమెరికాలోని ఇంగ్లండ్ వలసలను కూడా ఉన్ని బట్టలు ఒక వలస నుంచి ఇంకో వలసకు పంపొద్దని కట్టేసింది. బోస్టన్‌లో ఉన్నవాళ్లు కాథలిక్కులేం కారు కదా.

పోస్టులో అస్సలు లేని పాత్రధారి ఇంకొకరున్నారు: ఐర్లాండ్ సొంత పార్లమెంటు. ఇంగ్లండ్ చట్టం రాకముందే, 1699 మొదట్లోనే, అది తన ఎగుమతుల మీద తానే సుంకం వేసుకుంది. ఇరవై షిల్లింగుల బ్రాడ్‌క్లాత్‌కు నాలుగు షిల్లింగులు, తేలిక రకాలకు రెండు. ఫ్రీజ్‌ను వదిలేసింది. లండన్ ఒత్తిడి పెట్టింది, నిజమే. 1698లో లండన్ పార్లమెంటు అడిగితే రెండు దేశాలకూ రాజైన విలియం, ఐర్లాండ్ ఉన్ని నేతను నిరుత్సాహపరచడానికి నా చేతనైనదంతా చేస్తాను అని మాటిచ్చాడు కూడా. కానీ డబ్లిన్ సభలో కూర్చున్న భూస్వాములకు గొర్రెలున్నాయి, మగ్గాలు లేవు. బట్ట ఎక్కడ నేసినా వాళ్ల ఉన్ని వాళ్లు అమ్ముకుంటారు. తిలా పాపం తలా పిడికెడు.

లినెన్ "దానం" అన్నది సగం నిజం. ఐరిష్ లినెన్‌కు ఇంగ్లండ్‌లో సుంకం తీసేసింది 1696లో, అంటే ఉన్ని చట్టానికి మూడేళ్ల ముందు. ఉన్నిని తగ్గించి లినెన్ పెంచాలన్న పథకాన్ని 1697లో ఇంగ్లండ్ ప్రభుత్వ వాణిజ్య బోర్డు కోసం రాసింది ఎవరో కాదు, తత్వవేత్త జాన్ లాక్. ఆయన ఐరిష్ స్నేహితుడు విలియం మాలినో ఆ మరుసటి ఏడాదే, మమ్మల్ని అడగకుండా మాకు చట్టాలు చేసే హక్కు ఇంగ్లండ్‌కు ఎక్కడిది అని పుస్తకం రాశాడు. ఆ స్నేహంలో ఈ మాట ఎలా దాటవేశారో అని నాకు ఎప్పుడూ కుతూహలమే. సరే, లినెన్ పెరిగింది, బాగా పెరిగింది. 1790ల్లో ఏడాదికి నాలుగు కోట్ల గజాలు దాటి ఎగుమతైంది. కానీ అది పెరిగింది ఉత్తరాన అల్స్టర్‌లో. డబ్లిన్‌లో బేరం పోయిన ఉన్ని నేతగాడికి దాంతో ఒరిగిందేమిటి?

"వ్యాపారం మాయమైంది" అంటే ఐరిష్ తీరంలో ఉన్నవాళ్లు నవ్వుతారు. ఫ్రాన్స్‌కు మంచి ఉన్ని కావాలి, ఐర్లాండ్‌కు బ్రాందీ కావాలి, నైరుతి మూలనున్న కెర్రీ తీరంలో కొండల మధ్య చిన్న చిన్న రేవులు లెక్కలేనన్ని. రాత్రిపూట ఉన్ని మూటలు వెళ్లేవి, పీపాలు వచ్చేవి. తర్వాతి కాలంలో కాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన డేనియల్ ఓకానెల్‌ను పెంచిన పెదనాన్న మారిస్ ఇలాంటి దొంగసరుకు బేరంలో పేరుమోసినవాడు. పన్ను పడిందని మంచి టోపీ పెట్టుకోవడం మానేసి వేట టోపీతో తిరిగేవాడట, అందుకే ఆయనకు "వేట టోపీ" అన్న పేరే ఉండిపోయింది. పన్ను కట్టడమంటే ఆ ఇంట్లో ఎంత ఇష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక "రాత్రికి రాత్రి". డబ్లిన్‌లో లిబర్టీస్ అనే పేట ఉంది, నేతగాళ్ల పేట. ఉన్ని బట్ట నేశాక తడిపి, కొక్కేలున్న చట్రాల మీద లాగి కట్టి, ఎండలో ఆరేయాలి. డబ్లిన్‌లో ఎండ ఎన్ని రోజులుంటుంది? వాన పట్టిందంటే బట్ట ఆరదు, ఆరకపోతే డబ్బు రాదు, ఇల్లు గడవదు. ఇది చూడలేక థామస్ ప్లెజంట్స్ అనే దాత, లోపల పొయ్యిలు పెట్టి బట్ట ఆరబెట్టుకునే పెద్ద భవనం తన ఖర్చుతో కట్టించాడు. అది పూర్తయింది 1815 ప్రాంతంలో. చట్టం వచ్చి అప్పటికి నూటపదిహేనేళ్లు. చచ్చిపోయిన పరిశ్రమకు ఆరబెట్టుకునే ఇల్లెందుకు? దేశంలో జనం కట్టుకునే బట్ట నేస్తూ ఆ మగ్గాలు బతికే ఉన్నాయి. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 1801లో ఐర్లాండ్‌ను బ్రిటన్‌లో కలిపినప్పుడు కొంతకాలానికని ఉంచిన రక్షణ సుంకాలు 1820ల్లో పోయాయి. యార్క్‌షైర్ యంత్రాల బట్ట వచ్చి పడింది.

ఎగుమతి నిషేధం అంతకు చాలాముందే, 1779 చివర్లోనే పోయింది. దానికి ముందు నవంబరు 4న డబ్లిన్‌లో వాలంటీర్లు అనే ఐరిష్ స్వచ్ఛంద సేన ఆయుధాలతో కవాతు చేసి, ఫిరంగుల మీద "స్వేచ్ఛా వాణిజ్యం, లేదంటే ఇదీ" అని రాసి నిలబెట్టారు. నిలబెట్టింది ఉన్నిని అణుస్తానన్న ఆ విలియం రాజు విగ్రహం చుట్టూనే, ఆయన పుట్టినరోజునే. వాళ్లకు ఆయన వీరుడు మరి, ప్రొటెస్టెంట్లు కదా.

చివరిది, "మన చేనేతకూ ఇదే గతి". ఇక్కడ మాత్రం పోస్టుకు తెలియకుండానే ఒక నిజం తగిలింది. ఐర్లాండ్ చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1700లో, ఇంగ్లండ్ ఉన్ని, పట్టు వర్గాల ఒత్తిడితో ఇంకో చట్టం వచ్చింది: భారత్, పర్షియా, చైనాల నుంచి వచ్చే అద్దకం బట్టలు ఇంగ్లండ్‌లో ఎవరూ వాడకూడదని. మన మచిలీపట్నం రేవు నుంచి ఓడలకెక్కిన కలంకారీ రకాలూ అందులో పడ్డాయి. గోదాముల్లో దించుకుని వేరే దేశాలకు పంపేసుకోవచ్చు, అంతే. 1719లో లండన్ వీధుల్లో నేతగాళ్లు గుంపులుగా తిరిగి, అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల ఒంటి మీద బట్టలు చింపారు, సిరా పోశారు. 1721లో చట్టాన్ని ఇంకా బిగించారు. వాళ్లు చింపిన గౌను మన కోస్తాలో అద్దిందా, లండన్‌లోనే తెల్ల గుడ్డ మీద అద్దిందా అన్నది వాళ్లు చూడలేదు. ఉన్ని కాకపోతే చాలు.