ఒక్క శెనక్కాయ, 40 మంది ఆఫీసర్లు

అనంతపురంలో జిల్లా ఆఫీసర్లకు మైండ్‌ఫుల్‌నెస్ (మంచీ చెడూ తేల్చకుండా ఈ క్షణాన్ని ఉన్నదున్నట్టు గమనించడం) శిక్షణ పెడితే మొదటి చిక్కు బ్యానర్ దగ్గరే వస్తుంది. అంత పొడుగు ఇంగ్లీషు మాట ఎందుకని ఎవరో తెలుగు తెలిసినవాళ్లు ‘ఎరుక శిక్షణ’ అని రాయిస్తారు. మంచి మాటే. కానీ తొమ్మిదిన్నరకే అటెండరు గుమ్మం దగ్గరికొచ్చి, "ఎరుక చెప్పేవాళ్లు వచ్చినారంట కదా సార్, నా బదిలీ సంగతి కూడా ఒక మాట అడగల్ల" అంటాడు. లోపలికొచ్చే సార్లలో సగంమంది మనసులో ఉన్నదీ అదే.

ఈ పద్ధతికి 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఒక రూపమిచ్చాడు. మొత్తం 8 వారాలు. వారానికో తరగతి, రెండున్నర గంటలు. ఇంట్లో రోజూ 45 నిమిషాల సాధన. ఆరో వారం ప్రాంతంలో ఒక రోజంతా మౌనం. మన దగ్గర ఇదంతా ఒక్క రోజులో అయిపోవాలి. అందులో పొద్దున పూట జ్యోతి ప్రజ్వలనకు, శాలువాలకు, ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులకు పోతుంది. (ఆ ఎదురుచూపులనే సాధన కింద జమ కట్టుకుంటే ప్రతి ఆఫీసరూ ఈపాటికి నాలుగైదు కోర్సులు ముగించి ఉండేవాడు.)

మొదటి అభ్యాసం ఎండుద్రాక్షతో. ఒక్కటే చేతికిచ్చి, ఇంతవరకూ ఎన్నడూ చూడని వస్తువును చూస్తున్నట్టు చూడమంటారు. తర్వాత వేళ్లతో తాకి, చెవి దగ్గర పెట్టి, వాసన చూసి, నాలుక మీద కాసేపు ఉంచుకుని, మెల్లగా నమిలి మింగాలి. పది నిమిషాల పని. ‘అనంతపురంలో ద్రాక్ష ఎందుకు, శెనక్కాయ పెడదాం’ అని ఎవరికో తోస్తుంది. శెనక్కాయను మొదటిసారి చూస్తున్నట్టు చూడమని ఈ జిల్లాలో ఎవరితో అనగలం? వ్యవసాయ శాఖ సారు కాయను చెవి దగ్గర ఆడించి, "గింజ పలకలేదు మేడం. తేమ ఎనిమిది శాతం దాటింది. ఇట్లే మూట కడితే బూజు పడుతుంది" అని తేల్చేస్తాడు. "తీర్పు వద్దు సార్, ఊరికే గమనించండి" అంటుంది శిక్షకురాలు. "గమనించే చెప్తాండా కద మేడం!" ఇంతలో పక్క సారుకు మద్దతు ధర గుర్తొస్తుంది, ఆ పక్కాయనకు పంటబీమా. వర్తమాన క్షణం కాస్తా రెండు సీజన్లు వెనక్కి పోతుంది. పోనీ ద్రాక్షకే పోదామంటే దానికి ఉద్యాన శాఖ ఉంది. ఏ శాఖకూ చెందని తిండి వస్తువు మన దేశంలో దొరకడం కష్టం.

శ్వాస లెక్కపెట్టడం పైకి తేలికగానే కనిపిస్తుంది. ఒకటి నుంచి పది, మళ్లీ ఒకటి. పది దగ్గర ఆపడంలో కిటుకు ఉంది: పదిహేడులో ఉన్నామని తెలిసొచ్చిందంటే మనసు ఎక్కడికో పోయి వచ్చిందని అర్థం, అది తెలియడమే సాధన. కానీ టార్గెట్లకు అలవాటుపడిన ప్రాణాలు. "నాకు 47 వచ్చినాయి మేడం" అంటాడు ఒక ఎంపీడీఓ, లక్ష్యాన్ని మించి సాధించిన ముఖంతో.

అసలు ప్రమాదం భోజనం తర్వాత. సంగటి, ఊరుబిండి, చిత్రాన్నం, పైన నెయ్యి వేసిన ఓళిగ. రెండు గంటలకు బాడీ స్కాన్. వెల్లకిలా పడుకుని, ఎడమ కాలి వేళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్క భాగం మీదికీ గమనాన్ని తీసుకుపోవాలి. బయట మే నెల ఎండ. లోపల ఏసీ, దించిన కర్టెన్లు, శిక్షకురాలి జోలపాట లాంటి గొంతు. ఈ సరంజామాతో నిద్ర పట్టకపోతేనే డాక్టరుకు చూపించుకోవాలి. కాబట్టి బాడీ స్కాన్‌ను భోజనానికి ముందే, కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు సగం తెరిపించి, 15 నిమిషాల్లో ముగించాలి. ఇది తెలిసినవాళ్లు ఎజెండా వేయరు, ఎజెండా వేసేవాళ్లకు ఇది తెలియదు.

పాదం దాటేసరికి మొదటి గురక. పిక్క దగ్గర నాలుగు. అప్పుడు బల్ల మీద ఒక ఫోన్ వణుకుతుంది. సైలెంటులో పెట్టమంటే అందరూ వైబ్రేషన్‌లో పెడతారు, చెక్కబల్ల మీద దాని మోత రింగుటోన్‌ను మించుతుంది. పైగా వచ్చింది టెలికాన్ఫరెన్స్, అంటే 40 ఫోన్లూ ఒకేసారి. (పూర్తిగా స్విచ్చాఫ్ చేయించాలి, ఆ పూట ఎవరూ అందుబాటులో ఉండరని పైఆఫీసుకు ముందే రాతపూర్వకంగా తెలపాలి. సోమవారం అయితే అసలు పెట్టుకోకూడదు, అది అర్జీల రోజు.) ఆ మోతకు సగం మెలకువ వచ్చిన మన 47 శ్వాసల ఎంపీడీఓ చెవిలో శిక్షకురాలి మాట పడుతుంది: "ఇప్పుడు ఎడమ మోకాలు... ఎట్లా ఉందో చూడండి."

దిగ్గున లేచి నిలబడతాడు. "సార్, ఎడమ మోకాలు పురోగతిలో ఉంది సార్! సాయంత్రానికి క్లోజ్ చేసేస్తాం సార్!"

ఎవరూ నవ్వరు. పడుకున్నవాళ్లలో ముగ్గురు తమ మోకాలి అంకెలు ఏమిటా అని అప్పటికే తడుముకుంటూ ఉంటారు.

అయిదు గంటలకు ఫీడ్‌బ్యాక్ ఫారాలు, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. అందరూ వెళ్లాక సూపరింటెండెంట్ బిల్లులు ముందేసుకుంటాడు. శెనక్కాయలు, ఒక కిలో. కిలోకు వెయ్యికి అటూ ఇటూ కాయలు. అభ్యాసానికి తలా ఒకటి, 40. తక్కిన తొమ్మిది వందల అరవై ఏమైనాయని అటెండరును అడుగుతాడు. కుర్చీల కింద పొట్టు చూపిస్తాడు అటెండరు.

"టీ టైములో పోయినాయి సార్. ఎవరు తిన్నారో వాళ్లకే ఎరుక లేదు."