0.38 మిల్లీమీటర్ల దొరవారికి ఒక విన్నపం

పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్లో కొలువున్న మహారాజశ్రీ పైలట్ జెట్ దొరవారి సముఖానికి,

ఏళ్ళ తరబడి మూలనపడి, సీటు మీద దుమ్ము మేటవేసిన నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బండిని ఇంట్లోనే లేపుదామని పాన పట్టినవాళ్ళమంతా కలిసి రాసుకుంటున్న విన్నపం ఇది. తమరు క్షేమంగా లేరని తలుస్తున్నాం. క్షేమంగా ఉంటే ఈ ఉత్తరంతో పనే ఉండేది కాదు.

చూడబోతే తమరు వేలి కణుపంత ఇత్తడి ముక్క. నెత్తిన స్క్రూడ్రైవరు పెట్టే గాడి, నడుమ కంటికి ఆనీ ఆనని బెజ్జం. కార్బురేటర్లు చేసే కీహిన్ వారు తమరి మీద 38 అని చెక్కితే ఆ బెజ్జం దాదాపు 0.38 మి.మీ. అని అర్థం. ఇంకో కార్బురేటర్ కంపెనీ మికుని వారి అంకెల లెక్క వేరు. ఒకరి అంకె చూసి ఇంకొకరి జెట్ కొన్నవాడి బండి స్లోలో కుదురుగా నిలబడితే అది వాడి అదృష్టం. రేజ్ ఇవ్వకుండా స్లోలో ఆడే ఐడిల్ నుంచి ఇంచుమించు పావు రేజ్ దాకా ఇంజను తాగే పెట్రోల్లో ఎక్కువ భాగం ఈ సూది బెజ్జంలోంచే పోవాలి. ట్యాంకు నిండుగా ఉంది, ప్లగ్గు చిటపటలాడుతోంది, పిస్టన్ నోరు తెరుచుకుని కూర్చుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, తమరు మాత్రం తలుపు తీయరు.

తమరు కొలువు మూసేశారని ఎలా తెలుస్తుందంటారా? చోక్ లాగితే బండి స్టార్టవుతుంది. చోక్‌కి సొంత దారి ఉంది, తమరి చీటీ అక్కర్లేదు. రేజ్ పట్టుకుంటే నడుస్తుంది. పైన సూది లేచి మెయిన్ జెట్ గారు దయతలుస్తారు. చోక్ మూసి చెయ్యి వదిలారో, ఠక్కున ఆగిపోతుంది. ఇంత స్పష్టంగా చెబుతున్నా బండి యజమాని వినడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు మొదట బ్యాటరీ మారుస్తాడు, తర్వాత ప్లగ్గులు, ఆపైన కాయిళ్ళు. చివరికి అన్నీ కొత్తవై, తమరొక్కరే పాతవారై మిగులుతారు.

ఒక్కరేమిటి లెండి, సిలిండర్‌కొకరు చొప్పున నలుగురు. ముగ్గురు హాజరై ఒకరు సెలవు పెడితే బండి కుంటుకుంటూ ఆడుతుంది. సెలవులో ఉన్నది ఎవరో పట్టుకోవడానికి హాజరుపట్టీ అక్కర్లేదు. చల్లటి ఇంజనును స్టార్ట్ చేసి అర నిమిషం ఆడనిచ్చి, సిలిండర్ల నుంచి బయటికొచ్చే సైలెన్సర్ గొట్టాల మొదళ్ళ మీద తలా నాలుగు నీటి చుక్కలు చిలకరించాలి. చుయ్యిమన్న గొట్టం పనిచేస్తున్నట్టు. చుక్క చుక్కలాగే జారిపోయిందంటే అక్కడి దొరవారు ఆఫీసులో లేనట్టు. అక్కడ ప్లగ్గు మంట పడుతోందో లేదో ఒకసారి చూసుకుని, పడుతుంటే తమరి దగ్గరికే రావాలి.

న్యాయంగా చెప్పాలంటే తప్పంతా తమరిది కాదు. నిలవ పెట్రోల్లో తేలికపాటి భాగం ముందు ఆవిరైపోతుంది. మిగిలింది ఆక్సిజన్ తగిలి మెల్లగా బంక కడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలో తేమను కూడా లాక్కుని, ఇక పట్టనంత అయ్యాక నీళ్ళూ ఇథనాలూ జత కట్టి అడుగుకు దిగుతాయి. ఆ అడుగునే తమరి నివాసం. అల్యూమినియానికి తెల్లటి పొడి, ఇత్తడికి పచ్చటి చిలుము, కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే బౌల్ అడుగున గోధుమరంగు వార్నిష్. బండి అమ్మేవాళ్ళందరూ ఒక్క గొంతుతో పలికే “పెట్టేటప్పుడు బాగానే నడిచిందండీ” అన్న మాట అక్షరాలా నిజమే. చెడిపోయింది నడిచినప్పుడు కాదు, పెట్టినప్పుడే.

తమరి పొరుగున, బౌల్ నిండగానే పెట్రోలును ఆపాల్సిన ఫ్లోట్ వాల్వు గారని ఇంకొకరున్నారు. తమరు తలుపు తీయరు, ఆయన మూయరు. ఆయన రబ్బరు మొన అరిగినా, కింద తుప్పు రేణువొకటి ఇరుక్కున్నా పెట్రోలు బౌల్ నిండి పొర్లి సిలిండర్లోకి, అక్కణ్ణుంచి ఇంజనాయిల్లోకి దిగుతుంది. ఆయిలు మూత తీస్తే పెట్రోలు వాసన గుప్పుమంటుంది. సిలిండర్ నిండా పెట్రోలున్నప్పుడు సెల్ఫ్ నొక్కితే ద్రవం అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకని ఇంటికి రాగానే సెల్ఫ్ నొక్కి చూసే సరదా మానుకోవాలి. ముందు ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్లో 5 మి.లీ. ఇంజనాయిల్ పోసి ఒక రాత్రి ఆగాలి. తర్వాత క్రాంక్ చివర బోల్టుకు సాకెట్ పెట్టి, ఇంజను తిరిగే దిక్కుకే, చేత్తో రెండు పూర్తి చుట్లు. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆగాలి, బలం చూపించకూడదు. పాత ఆయిలు తీసి కొత్తది పోశాకే సెల్ఫ్ సంగతి.

ఇక తమరి దర్శనం. సీటు, ట్యాంకు, ఎయిర్ బాక్స్ దించి, రాయిలా బిగుసుకున్న రబ్బరు బూట్ల నుంచి నాలుగు కార్బురేటర్లను ఒకే గుత్తిగా ఊడబెరకాలి. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఆగితే బూట్లు మెత్తబడతాయి. పెట్రోలు పక్కన హీట్ గన్ పట్టేవారిని కాపాడే దేవుళ్ళు వేరే ఉంటారు. గుత్తిని మాత్రం విడదీయకుండా ఉంటేనే మంచిది. విడదీస్తే మధ్యలో పెట్రోలు గొట్టాల ఓ-రింగులు మేల్కొని కారడం మొదలెడతాయి. బౌల్ స్క్రూలు చూడ్డానికి ఫిలిప్స్‌లా ఉంటాయి గానీ కావు. అవి జపాన్ ప్రమాణపు జేఐఎస్ స్క్రూలు, చాలావాటికి తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది. ఫిలిప్స్ మొన వాటి గాడిలో అడుగంటా కూర్చోదు. తిప్పగానే పైకి జారి తలను గుండ్రంగా కొరికేస్తుంది. సగం బండ్లలో తమకంటే ముందు ఈ స్క్రూ తలలే అమరులయ్యాయి.

తమరి పక్కనే ఉండి స్లోలో మిశ్రమం పాళ్ళు సరిచేసే మిక్స్చర్ స్క్రూ గారికి చాలా బండ్లలో ఫ్యాక్టరీ వారే ఇత్తడి బిళ్ళ కొట్టి సీలు వేస్తారు. సన్నటి డ్రిల్లుతో బిళ్ళకు మాత్రమే బెజ్జం పెట్టి, అందులో చిన్న స్క్రూ దింపి లాగాలి. డ్రిల్లు ఇంకో మిల్లీమీటరు జారితే లోపలి స్క్రూ తల గోవిందా. విప్పే ముందు మెల్లగా బిగించుకుంటూ పోయి, అడుగు తగిలేదాకా ఎన్ని చుట్లో నాలుగింటికీ విడివిడిగా కాగితం మీద రాసుకోవాలి. రెండు, రెండుంపావు, ఎంతైనా సరే. అడుగు తగిలాక కండబలం చూపిస్తే సూది మొన బెజ్జంలోనే విరిగి ఉండిపోతుంది. స్క్రూ వెనక స్ప్రింగు, వాషరు, ఆవగింజకు అన్నలాంటి ఓ-రింగు రావాలి. స్ప్రింగు వస్తుంది. మిగతా రెండూ లోపలే అతుక్కుని, లేవని భ్రమపెడతాయి. వాటి మీదే కొత్త ఓ-రింగు వేసి బిగించినవాడు తర్వాత మిక్స్చర్ ఎటు తిప్పినా ఇంజను ఉలకదు పలకదు.

తమరిని విప్పి వెలుతురుకెత్తి చూస్తే గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. నెలవంక కనబడితే ఇంకా పని మిగిలినట్టు. పక్కల అడ్డంగా ఉండే చిన్న బెజ్జాలను మరిచేవాళ్ళే ఎక్కువ, వాటిలోంచి గాలి కలవకపోతే పెట్రోలు నురగ కట్టదు. గుండుసూది పెట్టి పొడిచే మహానుభావులకు ఒక లెక్క చెబుతాం: తమరి 0.38 కాస్తా 0.42 అయితే బెజ్జం వైశాల్యం 22 శాతం పెరుగుతుంది. పెట్రోలు ఎక్కువై ప్లగ్గు మసిబారుతుంది, తప్పు మళ్ళీ ప్లగ్గుదే అంటారు. రాత్రంతా కార్బ్ క్లీనర్లో నానబెట్టి, కరెంటు వైరులోంచి లాగిన ఒక్క రాగి పోగు పోనిస్తే చాలు, ఇత్తడికి గీత పడదు. అయినా తమరిని మాత్రమే కడిగి కార్బురేటర్ కడిగామనుకోవడం, గుమ్మం తుడిచి ఇల్లు తుడిచామనుకోవడం లాంటిది. తమరు కూర్చునే గూట్లోకి స్ప్రే కొడితే అది రేజ్ ఇస్తే తెరుచుకునే బటర్‌ఫ్లై రేకు అంచున వరసగా ఉండే సూది బెజ్జాల్లోంచి చిమ్మాలి. కళ్ళద్దాలు పెట్టుకునే కొట్టాలి. స్ప్రే తాను దూరిన దారిన తప్ప అన్ని దారులా బయటికొస్తుంది, ముఖ్యంగా కంటికి ఎదురుగా ఉన్నదాంట్లోంచి. పైన ఉండే రబ్బరు డయాఫ్రమ్‌లను ముందే తీసి దాచాలి. క్లీనర్ తగిలితే అవి అప్పడంలా ఉబ్బి మళ్ళీ గాడిలో కూర్చోవు.

ఇంత చేసి బిగించాక బండి స్లోలో ముద్దుగా ఆడుతుంది. వారం తిరిగేసరికి తమరు మళ్ళీ సెలవు. ఎందుకంటే జెట్టు కడిగినవాడు ట్యాంకు కడగలేదు! పైన పటారం, లోన లొటారం. ట్యాంకు పైన మూడు పూతల పెయింటు, స్టిక్కర్లు, మెరుగు. లోపల టార్చి వేసి చూస్తే ఎర్రమట్టి గుట్ట. ఆ ఎర్రటి పొడే కుళాయి జాలీని దాటి తమరి గుమ్మంలో పడుతోంది. మమ్మల్ని అడిగితే పని మొదలెట్టాల్సిందే అక్కణ్ణుంచి. కుళాయి, మూత తీసేసి, కుళాయి బెజ్జానికి రబ్బరు పెట్టి రేకు బిగించాలి. పాత పెట్రోలు పూర్తిగా దించి సబ్బునీళ్ళతో కడిగాక, 15 లీటర్ల ట్యాంకుకు కిలో నిమ్మ ఉప్పు వెచ్చటి నీళ్ళలో కరిగించి అంచుదాకా నింపాలి. ఒక రోజు ఉంచాలి, మొండి తుప్పయితే నీళ్ళు మార్చి ఇంకో రోజు. పెయింటు మీద ఒలికితే వెంటనే కడిగేయాలి. పారబోశాక వంటసోడా నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో రెండుసార్లు. అసలు గండం ఇక్కడుంది. తడి ట్యాంకును “ఎండలో పెడదాంలే” అని వదిలితే కళ్ళముందే నారింజరంగు పొర కమ్ముతుంది. వెంటనే వేడిగాలి పట్టి ఆరబెట్టి, గుక్కెడు ఆయిలు పోసి నలుమూలలా తిప్పాలి. లోపల పూత పోసి తుప్పును కప్పేద్దామనుకునేవారికి ఒక్కటే మాట: తుప్పు మీద పోసిన పూత పొరలుగా ఊడుతుంది, ఆ పొరలు కూడా తమరి దగ్గరికే వస్తాయి.

తమరి బంధువర్గం ఊరికే ఉంటుందా? బ్రేకు మాస్టర్ సిలిండర్ అడుగున ఆయిలు తిరిగొచ్చే సూది బెజ్జం తమరికి వరసకు తమ్ముడు. పాత బ్రేకాయిల్ గడ్డకట్టి అది మూసుకుంటే లివర్ వదిలినా ప్రెషర్ దిగదు, ముందు చక్రం పట్టేస్తుంది. కాలిపర్ పిస్టన్లు మార్చి, సీళ్ళు మార్చి, డిస్కు కూడా మార్చినవాళ్ళున్నారు, ఆ బెజ్జంలో రాగి పోగు పెట్టినవాళ్ళు లేరు. ట్యాంకు మూతలోని గాలి బెజ్జం మేనమామ. అది మూసుకుంటే బండి పది పదిహేను నిమిషాలు చక్కగా పోయి ఆగుతుంది. మూత తెరిస్తే ఉస్సుమని గాలి పీల్చి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తుంది. వాటర్ పంపు కింద ఒక బెజ్జముంది, మీ వంశంలో నిజాయితీపరుడు అదొక్కటే. అందులోంచి కూలెంట్ చుక్క కారిందంటే లోపల సీలు పోయిందని కబురు. ఆ కబురు తెచ్చినవాడి నోట్లో సిలికాన్ కుక్కేవాళ్ళకు ఆ కూలెంట్ తర్వాత ఇంజనాయిల్లో పాలకాఫీలా దర్శనమిస్తుంది.

నిజానికి తమరి పదవికి ఎప్పుడో ఎసరొచ్చింది. 1998లో యమహా ఆర్1 నాలుగు 40 మి.మీ. మికుని కార్బురేటర్లతో వచ్చింది. అదే ఏడు సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750 కార్బురేటర్ లేకుండానే పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్‌కి మారిపోయింది. 2002కల్లా ఆర్1 కూడా తమరికి వీడ్కోలు చెప్పింది. అయినా ఆ ముందు పుట్టిన బండ్లన్నిట్లో తమరిదే ఇప్పటికీ ఆఖరి సంతకం. వాటి టైర్లు కూడా తమరి తరానివే కావచ్చు. పక్క గోడ మీద నాలుగంకెల కోడు 2311 అని ఉంటే 2011లో 23వ వారంలో పుట్టిందని. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, దాని గాడులు ఎంత లోతుగా ఉన్నా ఎక్కి తిరగకండి.

కాబట్టి దొరవారికి మేం చేసుకునే మనవి. కార్బురేటర్లు బిగించాక కుళాయి ఇంజను పీల్పుతో తెరుచుకునే వ్యాక్యూమ్‌ది అయితే, పీల్పు లేకున్నా పెట్రోలు వదిలే ప్రైమ్‌లో పెట్టి బౌళ్ళు నిండనిచ్చి, మళ్ళీ ఆన్‌లోకి తిప్పేస్తాం. అలాగే వదిలేస్తే పొరుగు ఫ్లోట్ గారు ఏం చేస్తారో పైన రాశాం. వాల్వు క్లియరెన్స్ చూసుకుని, ఇంజను వేడెక్కాక, ఎదురుగా ఫ్యాను పెట్టి, నాలుగు వ్యాక్యూమ్ గేజీలతో నలుగురినీ ఒక్క మాట మీదికి తెస్తాం. ఇకపై నెల దాటి ఆపాల్సొస్తే బౌళ్ళ డ్రెయిన్ స్క్రూలు వదులు చేసి చుక్క మిగలకుండా దించుతాం. ట్యాంకును మాత్రం గాలికీ తేమకూ చోటు లేకుండా అంచుదాకా నింపి, స్టెబిలైజర్ కలిపి ఉంచుతాం. బదులుగా తమరు చేయాల్సింది చోక్ మూశాక కూడా తలుపు తీసి ఉంచడమే.

ఇట్లు,
చోక్ లివర్ మీద చెయ్యి తీయకుండా నిలబడ్డవారు.

తా.క.: మూడో గొట్టం మీద చల్లిన చుక్క ఇంకా ఆరలేదు. సంబంధిత దొరవారు గమనించగలరు.