ఒక నోటుపుస్తకం, పద్నాలుగు చేతులు

ఈ జూన్‌లో కూడా ఆ ఫోటో వచ్చింది. ఏటా వస్తుంది. బళ్లు తెరిచే 12వ తారీఖుకు అటూ ఇటూగా, రుతుపవనాలు మొహం చాటేసినా సరే, ఇది మాత్రం వాట్సాప్ గ్రూపులన్నిటినీ తడిపే పోతుంది. వరంగల్, హన్మకొండ, నర్సంపేట, పరకాల... ఊరు మారుతుంది గానీ ఫోటో మారదు. మధ్యలో మూడో తరగతి పిల్ల. ఆ పిల్లకిస్తున్న ఒక నోటుపుస్తకం. ఆ పుస్తకాన్ని పట్టుకుని పద్నాలుగు చేతులు. ఫోటో పెద్దది చేసి మరీ లెక్కపెట్టాను. పదిహేనో చెయ్యి కూడా ఉంది గానీ, పాపం పుస్తకం దాకా అందక ముందున్నాయన భుజం మీద ఆగిపోయింది. ఆయన దాతృత్వాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవాలని మనవి.

వంద పేజీల రూళ్ల నోటుబుక్కును మోయడానికి ఇంతమంది దేనికని కొందరు గిట్టనివాళ్లు అడుగుతారు. దానం ఎంత బరువో ఎన్నడూ చేయని వాళ్లకేం తెలుసు?

ఇలాంటి పంపిణీ కార్యక్రమాన్ని ఒక్కసారైనా మొదటినుంచీ చివరిదాకా చూసి తరించాలి. పది గంటలకని చెప్తారు. పిల్లల్ని ప్రార్థన అవగానే గ్రౌండ్‌లో కూర్చోబెడతారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకు వస్తారు. ఈలోగా పాఠం లేదు, నీడ లేదు, వంటమ్మ వండిన అన్నం చల్లారిపోతుంటుంది. వేదిక వెనక ఫ్లెక్సీ బడి గోడకంటే పొడుగ్గా ఉంటుంది. పై వరసలో రాష్ట్ర నాయకులు, కింది వరసలో మండల నాయకులు, వాళ్ల కింద దాతలు, దాతల కింద దాతల మిత్రులు. పిల్లలకు అందులో చోటు దొరకలేదు. ఫ్లెక్సీ చదరపు అడుగుల లెక్కన కదా, వాళ్లను కూడా ఇరికిస్తే ఖర్చు పెరుగుతుంది.

తర్వాత ఉపన్యాసాలు. ఒక్కొక్కరూ మైకు అందుకుని "నేను సుత సర్కారు బళ్లెనే చదివిన" అని గద్గదమవుతారు. మైకు చేతులు మారుతుంది, గొంతు మారుతుంది, ఆ వాక్యం మారదు. ఆ సమయానికి వక్తల పిల్లలందరూ హన్మకొండలో ఏసీ బస్సు వచ్చే బడుల్లో ఉంటారనుకోండి. సర్కారు బడి మీద ప్రేమ వేరు, పిల్లల భవిష్యత్తు వేరు.

ఇక అసలు ఘట్టం. ఫోటోగ్రాఫర్ రంగంలోకి దిగుతాడు. "అన్నా, నువ్వు జర పక్కకు జరుగు, ఫ్లెక్సీల నీ బొమ్మకు నువ్వే అడ్డమున్నవ్." ఆయన జరుగుతాడు. "బిడ్డా, బుక్కు దిక్కు గాదు, ఇటు సూడు. జర నవ్వు." పిల్ల నవ్వుతుంది. క్లిక్. అంతలో ఇంకో దాత కారు దిగుతాడు. పిల్ల చేతిలోంచి పుస్తకం వెనక్కి తీసుకుంటారు, మళ్లీ ఇస్తారు. క్లిక్. ఈసారి మహిళా విభాగం. మళ్లీ తీసుకుంటారు, మళ్లీ ఇస్తారు. ఒకే పుస్తకాన్ని ఒకే పిల్లకు మూడుసార్లు దానం చేసిన పుణ్యం లెక్క కట్టడానికి చిత్రగుప్తుడికి కూడా కొత్త రిజిస్టరు కావాలి. దానికీ దాతను వెతకాల్సిందే.

చివరగా సన్మానం. శాలువాలు, కాకతీయ తోరణం బొమ్మ ఉన్న మెమెంటోలు. ఇవి ఎవరు కొన్నారు? హెచ్చెమ్ మేడం, సొంత పర్సులోంచి. శాలువాల డబ్బులతో ఆ నోటుబుక్కులు ఆమే కొనేయొచ్చు కదా అంటే, అమ్మో, అప్పుడు సమాజ భాగస్వామ్యం ఏమైపోవాలి?

పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫారం సర్కారే ఇస్తుంది, కాదనను. మిగతా వాటికి సమగ్ర శిక్ష అనే కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి పథకం కింద ఏడాదికోసారి స్కూల్ గ్రాంటు ఉంటుంది. ముప్పై మంది లోపు పిల్లలుంటే 10,000 రూపాయలు. విద్యాహక్కు చట్టం చెప్పిన కనీస 200 పనిదినాలతో భాగించండి: రోజుకు 50. హన్మకొండ చౌరస్తాలో నలుగురు చాయ్ తాగితే సరి. ఆ యాభైలోనే చాక్‌పీసులు, రిజిస్టర్లు, తాగునీళ్లు, చిన్నాచితకా రిపేర్లు. అందులో పదో వంతు పరిశుభ్రతకు కేటాయించాలని నిబంధన కూడా ఉంది. అంటే బడి శుభ్రంగా ఉండటానికి రోజుకు ఐదు రూపాయలు! ఇది కూడా జూన్‌లో చేతికొస్తుందని ఆశపడకండి. అది వచ్చేదాకా సుద్దముక్క కొనేది పంతులు. ఆ దాతకు ఫ్లెక్సీ లేదు, శాలువా అంతకన్నా లేదు.

దానానికి రేట్లు పెట్టిన ఘనత కూడా మనదే. 2022లో తెలంగాణ ప్రభుత్వం 7,289 కోట్లతో 26,065 బడులను బాగుచేస్తామని 'మన ఊరు - మన బడి' తెచ్చినప్పుడు, పది లక్షలిస్తే తరగతి గదికి, కోటి ఇస్తే ఏకంగా బడికే దాత కోరిన పేరు పెడతామన్నారు. ప్రభుత్వం మారింది, 2024లో బడుల మరమ్మతులు మహిళా సంఘాల చేతుల్లో పెట్టే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. రేట్ల పట్టిక మాత్రం సగంలోనే ఆగిపోయిందని నా బాధ. పది లక్షలు లేని సామాన్య దాత ఏం కావాలి? చాక్‌పీసుకు రేటు పెట్టండి. "రెండు రెళ్లు నాలుగు, ఈ ఎక్కం ఫలానా రియల్ ఎస్టేట్ వెంచర్ వారి సౌజన్యంతో, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) అప్రూవ్డ్" అని పిల్లలు రాగం తీసి చదువుతారు. పదో తరగతి పిల్లల దగ్గర ఈ విద్య ఇప్పటికే కొంత పండింది. ఫిబ్రవరి వచ్చిందంటే పరీక్ష ప్యాడ్ల జాతర. యువజన సంఘం ఒకటి, లయన్సు వాళ్లది ఒకటి, మాజీ ఒకటి, కాబోయే మాజీ ఒకటి. ప్యాడ్ మీద రెండు చేతులు జోడించిన నాయకుడి ముఖం. ఆ ముఖం మీదే కాగితం పెట్టి త్రికోణమితి చేయాలి. ఒక్కో పిల్లాడికి నాలుగు ప్యాడ్లు, కూర్చోవడానికి బెంచీ మాత్రం ముగ్గురికి ఒకటి.

పేరు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని ఫ్యాన్లు బిగించిపోయిన పూర్వ విద్యార్థులున్నారు. ఈ మాటలు వాళ్లకు తగలవు. వాళ్లు ఫ్లెక్సీలో ఉండరు.

ఆ మూడో తరగతి పిల్ల సంగతికి వద్దాం. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఆ పిల్ల ఫోటో వచ్చింది. కింద "నిరుపేద విద్యార్థులకు చేయూత" అని. ఆ పిల్ల నిరుపేదని ఎవరు చెప్పారు మీకు? చెప్పినా, ఊరంతటికీ అచ్చేసి పంచే హక్కు ఎవరిచ్చారు? ఆ పిల్ల ఎవరినీ ఏమీ అడగలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఈ దేశంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు. ఖర్చు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలని చట్టంలోనే రాసి ఉంది. తనకు రావాల్సిన బాకీని రెండుసార్లు లాక్కుని, మూడుసార్లు ఇచ్చి, థాంక్యూ సార్ అనిపించారు ఆ పిల్లతో!

అసలు ఖజానా నింపే దాతలెవరో చూద్దామా? ఆ పిల్ల తల్లి వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. మండే చేతులు కడుక్కోవడానికి సబ్బు కొన్నా పన్ను కడుతుంది. తండ్రి సాయంత్రం వైన్స్ దగ్గర క్వార్టర్ కొన్నప్పుడల్లా రాష్ట్రానికి భారీ విరాళం ఇస్తున్నాడు. ఏడాది పొడవునా, రసీదు కూడా అడక్కుండా. శాలువా కప్పితే ఆయనకే కప్పాలి. 2025-26 రాష్ట్ర బడ్జెట్ మూడు లక్షల కోట్లు దాటింది. చదువుకు దక్కింది అందులో ఎనిమిది శాతం కూడా లేదు. జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టమని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది, 2020 విద్యా విధానం మళ్లీ అదే 6 శాతం అంది. ఒక్క అంకె చెరగకుండా యాభై ఏళ్లకు పైగా కాపీ రాసుకున్నాం. ఆ నోటుబుక్కు ఎవరు దానం చేశారో!

ఇంకో మాట. నోటుబుక్కుకు దాత దొరుకుతాడు, గడియారానికి దొరుకుతాడు, సరస్వతీదేవి విగ్రహానికైతే పోటీలు పడతారు. మరుగుదొడ్డి కడిగే మనిషికి నెలనెలా జీతమిచ్చే దాత ఏ ఫ్లెక్సీలోనైనా కనిపించాడా? దానికి రిబ్బన్ కత్తిరించలేరు, పద్నాలుగు చేతులు పట్టుకోలేరు. కాబట్టి ఆ దొడ్డికి తాళం పడుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా గుక్కెడు నీళ్లు తాగకుండా, ఇంటి బెల్లు కొట్టేదాకా ఆడపిల్లలు ఉగ్గబట్టుకుని కూర్చుంటున్నారు. దీనికి దాత దొరకలేదని మినిట్స్ బుక్కులో రాసి సంతకాలు పెట్టుకుందామా, సార్లూ?